నేను కరిగించేసిన టంకం ముద్ద

రెండేళ్ల కిందట కుడికంటికి ఆపరేషన్ అయ్యింది. ఆ తర్వాత వెంట్రుకంత సన్నటి రాగి తీగను పట్టుకుని కూర్చోవడం ఇక నా వల్ల కాదని తేలిపోయింది. పని మానేశాను. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఎక్కడెక్కడి పిల్లలో అడుగుతుంటారు. "శివమ్మగారూ, పాత స్లాట్ కారు దొరికింది, మోటారు కాలిపోయింది, ఎట్లా చుట్టాలి?" అని. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఏ గేజి తీగ వాడాలి, టంకం ఎంత వేడికి కరుగుతుంది అన్న విషయాలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. అక్కడ దొరకనివి కొన్ని ఉన్నాయి. అవి నాకు మనుషులు నేర్పారు, కొన్ని నా తప్పులు నేర్పాయి.

ఈ పని ఏమిటో తెలియనివాళ్లకు ముందు రెండు మాటలు. చెక్క బల్ల మీద పొడవునా ఒక గాడి తవ్వుతారు. గాడికి అటూ ఇటూ లోహపు పట్టీలు వేసి వాటిలో కరెంటు పెడతారు. అరచేతిలో పట్టే చిన్న కారు కింద ఒక పిన్ను ఉంటుంది, అది ఆ గాడిలో దిగుతుంది. చేతిలో ఉన్న మీట నొక్కితే కారు పరుగెత్తుతుంది. ఒకప్పుడు పెద్దవాళ్లు కూడా దీన్ని ఆటగా, పందెంగా, పిచ్చిగా ఆడేవారు. ఆ కాలపు కార్లను దాచుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటి అడుగు చట్రాన్ని ఇత్తడి రేకుతో, స్టీలు తీగతో మళ్లీ కట్టడం, బొటనవేలంత మోటారును మళ్లీ చుట్టడం, ఇదీ నా పని. ముప్పై ఏళ్లు చేశాను. అందులో పద్దెనిమిదేళ్లు నారాయణఖేడ్‌లో, మా ఇంటి ముందుగదిలో.

విఠల్ సార్

మాది సిర్గాపూర్. పది పాసయ్యాక పెళ్లయింది, పని కోసం మేమిద్దరం హైదరాబాదు చేరాం. మా ఆయన మాణిక్ బస్సుల మెకానిక్కు. నేను ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టే కార్ఖానాలో చేరాను. అక్కడికి అప్పుడప్పుడు ఒక పెద్దాయన సన్న తీగ కొనడానికి వచ్చేవాడు. ఒకరోజు నా వెనక నిలబడి చాలాసేపు నా చేతులు చూశాడు.

"నీ పేరేంది?"

"శివమ్మ."

"శివమ్మా, నువ్వు లెక్కపెడుతున్నప్పుడు పెదవులు కదుల్తలేవు. మాటలు కూడ ఇంటున్నవు. ఎట్ల?"

"ఏమో సార్. చెయ్యే లెక్కపెడ్తది."

వారం తిరిగేసరికి ఆయన దగ్గర పనిలో ఉన్నాను. ఆయనే విఠల్ సార్. కుర్రతనంలో స్లాట్ కార్ల పందేలు ఆడినవాడు. ఆ ఆట ఇక్కడ మూతపడ్డాక మిగిలిన కార్లను బాగుచేసే పని మొదలుపెట్టాడు. బొంబాయి నుంచి, బెంగళూరు నుంచి, బయటి దేశాల నుంచి ఆయనకు పార్సిళ్లు వచ్చేవి.

ఆయన కోపిష్ఠి. నా చేతిలోని పని లాక్కుని బల్ల కింద పడేసిన రోజులున్నాయి. నేను చుట్టిన మోటారును కూడా "నా చేతిపని" అనే పంపేవాడు. పన్నెండేళ్లలో ఒక్క ఉత్తరంలోనూ నా పేరు రాయలేదు. అది న్యాయం కాదని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అంతే అనిపిస్తుంది. పెద్దాయన కదా అని దాన్ని కప్పిపుచ్చను. అయితే ఆ సంగతికి రెండో వైపు కూడా ఉంది.

చేరిన ఏడాదిలోనే ఒక బొంబాయి మోటారు చుడుతుంటే మధ్యలో తీగ తెగింది. ఈ మోటార్ల లోపల తిరిగే ఇనుప ముక్కకు మూడు కాళ్లుంటాయి. ఒక్కో కాలికి డెబ్బై చుట్లు. నేను మూడో కాలి మీద అరవై దాటాను. మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రోజు నా కొడుక్కి జ్వరం, జల్దీ ఇంటికి పోవాలి. తెగిన కొసలు రెండూ కలిపి ముడివేసి, దాని మీద మిగతా చుట్లు వేసేశాను. పైకి ఏమీ తెలియదు. మోటారు తిరిగింది. చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం ఒక సన్నటి వణుకు వినిపించింది. విననట్టే ఊరుకున్నాను.

నెల తర్వాత పార్సిలు తిరిగొచ్చింది. పందెం మధ్యలో ఆ ముడి ఊడి, తీగ బయటికి ఎగిరి, అయస్కాంతాలను గీరేసి, మోటారు లోపలంతా చెత్తయింది. పాత అయస్కాంతాలు, మళ్లీ దొరకనివి. విఠల్ సార్ దాన్ని ఒక తెల్లగుడ్డ మీద పరిచి చూశాడు. నన్నేమీ అనలేదు. కాగితం తీసి ఉత్తరం రాశాడు. రాసింది చదివి వినిపించాడు కూడా. "నా చెయ్యి తప్పింది. నష్టం నాది" అని ఉంది అందులో.

నేను ఏడ్చేశాను. "సార్, గది నేను ముడేసిన. తెలిసే ఏసిన."

"నాకు ఎర్కనే. పంపేటప్పుడే ఇన్న దాని సప్పుడు."

"మరెందుకు పంపిన్రు?"

"నువ్వు చెప్తవేమో అని సూసిన. చెప్పలే. గప్పుడు నేనన్న ఆపాలె, ఆపలే. గందుకే నా చెయ్యి తప్పింది అని రాసిన. అబద్ధం రాయలే."

పేరు తనది పెట్టుకున్న మనిషి, తప్పును కూడా తన పేరు మీదే వేసుకున్నాడు. పని నేర్పినవాళ్లను తూచేటప్పుడు రెండు వైపులా చూడమని మీకు నేను చెప్పేది అందుకే. ఇంకో మాట. మోటారు సప్పుడులో తేడా వినిపిస్తే అది ఉన్నట్టే. మీ చెవి మీకు అబద్ధం చెప్పదు, చెప్పేది మీరే.

బంగాళాదుంప ముక్క

మాణిక్‌కు నారాయణఖేడ్ డిపోకు బదిలీ అయినప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. విఠల్ సార్ ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో తీగ చుట్టే చిన్న మర, రెండు టంకం కడ్డీలు, భూతద్దం ఉన్నాయి. "పార్సిలు బస్సుల పోతది, బస్సుల వస్తది. నీ మొగుడు డిపోలనే ఉంటడు. ఇగ నీకేం పరేషాన్?" అన్నాడు. అప్పటి నుంచి నాకు వచ్చే పనులన్నీ నా పేరు మీదే వచ్చాయి. ఆయనే అందరికీ ఫోను చేసి చెప్పాడట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఖేడ్‌లో మొదట్లో నా పనిని ఎవరూ పనిగా చూడలేదు. బోరు మోటార్లు చుడతానేమోనని ఇద్దరు ముగ్గురు రైతులు ట్రాలీలో వేసుకుని వచ్చారు. నా బల్ల మీదున్న మోటారును చూసి, "గిది ఎన్ని ఎకరాలు తడుపుతది?" అని అడిగారు. నేనూ నవ్వాను.

నా అసలు ఇబ్బంది వేరే. ఆ పాత చట్రాల్లో స్టీలు తీగ, ఇత్తడి పక్కపక్కనే ఉంటాయి. ఇత్తడికి పట్టేంత వేడి పెడితే పక్కనున్న పాత అతుకు కరిగిపోతుంది, లేదా స్టీలు తీగ బిగువు పోయి మెత్తబడుతుంది. హైదరాబాదులో ఆ పని విఠల్ సారే చేసేవాడు. ఇక్కడ నేను నాలుగు చట్రాలు వరసగా పాడుచేశాను.

బజారులో కాళప్ప అనే కంసాలి ఉండేవాడు. నాగల్‌గిద్ద మనిషి, సగం కన్నడం సగం తెలుగు. వేరే దారి తోచక పాడైన చట్రం పట్టుకెళ్లి చూపించాను. ఆయన నవ్వలేదు. "రాయి ఉన్న ఉంగరానికి అతుకు పెట్టాలంటే నేనేం జేస్త?" అని అడిగి, ఇంట్లోంచి ఒక బంగాళాదుంప తెప్పించాడు. సగానికి కోసి, చట్రం ఒక కొసను ఆ పచ్చి ముక్కలో గుచ్చాడు. రెండో కొసకు వేడి పెట్టాడు. దుంప బుసబుసమంది, ఆవిరి లేచింది. గుచ్చిన కొస వేలితో తాకేంత చల్లగా ఉంది.

"నోడవ్వా, సూడవ్వా, వేడి ఎక్కడికి పోవద్దో ముందు గది సూడాలె. ఎక్కడికి పోవాలెనో తర్వాత."

మూడు నెలలు రోజూ మధ్యాహ్నం ఆయన కొట్లో కూర్చున్నాను. ఆయన ఊపిరి ఊది మంటను నడిపేవాడు. నాకు ఊదడం రాలేదు కానీ, చూడడం వచ్చింది. ఇత్తడి రంగు ఎప్పుడు మారుతుందో, టంకం ఎప్పుడు మెరిసి పారుతుందో. ఆ మెరుపు క్షణం కంటే తక్కువ ఉంటుంది, అప్పుడే కడ్డీ ఎత్తేయాలి. నన్ను శిష్యురాలని ఆయన ఎన్నడూ అనలేదు. తన కొట్లో ఒక పీట మాత్రం నాకోసం విడిగా వేయించాడు.

దవాఖానలో

విఠల్ సార్‌కు పక్షవాతం వచ్చిందని తెలిసి బస్సెక్కాను. దవాఖానలో ఆయన మంచం పక్కన కూతురు ఉంది. బాగా అలిసిపోయి ఉంది.

"నిన్నటి సంది గిట్లనే లెక్కపెడుతుండు శివక్కా. ఆపుతలేడు. మతి తప్పిందంటున్రు డాక్టర్లు. నిద్రనే పోతలేడు."

దగ్గరగా కూర్చుని విన్నాను. మాట సరిగా రావడం లేదు కానీ, అంకెలు వినిపిస్తున్నాయి. కుడిచేతి రెండు వేళ్లు దుప్పటి మీద చిన్నగా తిరుగుతున్నాయి. అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. ఒక్కసారి ఆగాడు. మళ్లీ ఒకటి. నాకు అర్థమైంది. రెండో డెబ్బై దాకా ఎదురుచూశాను. మూడోది మొదలైంది. అదీ డెబ్బైకి చేరాక ఆయన మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టబోతుంటే చేయి పట్టుకున్నాను. వేళ్లు ఇంకా తిరగబోతున్నాయి.

"ఐపోయింది సార్. మూడు కాళ్లు ఐపోయినయ్. కొసలు నేను అతికిస్త."

ఆయన నా వైపు చూశాడో, నా మాట ఎటునుంచి వచ్చిందో అటు చూశాడో నాకు తెలియదు. వేళ్లు ఆగాయి. కాసేపటికి నిద్రపోయాడు. కూతురు నా భుజం మీద తల పెట్టి అట్లాగే కూర్చుంది. మరో పది రోజులకు ఆయన పోయాడు.

కమలమ్మ కారు

ఆయన పోయిన మరుసటి ఏడు కమల అనే టీచరమ్మ సికింద్రాబాదు నుంచి వచ్చింది. రిటైరవడానికి దగ్గర్లో ఉంది. స్టీలు టిఫిన్ డబ్బాలో గుడ్డలు పరిచి ఒక కారు తెచ్చింది. అది ఏ కంపెనీదీ కాదు. వాళ్ల నాయిన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురి కోసం పాత తలుపు చెక్క మీద గాడి తవ్వి, ఇత్తడి ముక్కలతో, సైకిలు పుల్లలతో ఆ కారు కట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కారు తిరగడం లేదు.

"తిరిగితే సాలక్కా," అంది. అంతకు మించి ఏమీ అడగలేదు.

అది మనసులో పెట్టుకోవాల్సిన మాట. నేను పెట్టుకోలేదు. అప్పటికి నా పేరు నాలుగు ఊళ్లకు తెలుసు, చేతి మీద గర్వం ఉంది. ఆ కారును విప్పి చూస్తే జాలేసింది. సైకిలు పుల్లలు వంకర. ఎడమ పక్కన ఒక సీసం ముక్క అతికించి ఉంది, దానివల్ల కారు ఒక పక్కకు ఒరిగింది. మోటారు మూడు కాళ్లకు చుట్లు సమంగా లేవు. ఒకదానికి డెబ్బై ఒకటి, ఒకదానికి అరవై ఎనిమిది, ఒకదానికి డెబ్బై. అడుగున ఒక అతుకు దగ్గర శనగగింజంత టంకం ముద్ద, నల్లగా, గుంటలు పడి ఉంది.

పాపం, తెలియని మనిషి చేసింది అనుకున్నాను. అన్నీ సరిచేశాను. కొత్త స్టీలు తీగ వేశాను. సీసం తీసేశాను. మోటారు సమంగా చుట్టాను. ఆ ముద్దను కరిగించి, గుడ్డతో తుడిచేసి, కాళప్ప మెచ్చుకునేట్టు సన్నటి అతుకు పెట్టాను. ముందుగదిలోని నా గాడి బల్ల మీద కారు బాణంలా పోయింది.

కమలమ్మ వచ్చింది. చాయ్ ఇచ్చి, మీట ఆమె చేతికిచ్చాను. రెండు చుట్లు తిప్పింది. ఆపింది. కారు తీసి తిరగేసి, అడుగున వేలితో తడిమింది.

"ఈడ ఒక ముద్ద ఉండె."

"తీసేసిన. గలీజుగ ఉండె గది."

ఆమె కారును ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "నేను పెట్టిన అక్కా గది. తొమ్మిదేండ్లప్పుడు. మా నాయిన నా చెయ్యి పట్టుకొని పెట్టిపిచ్చిండు. మల్ల ఎన్నిసార్లు కారు ఇప్పినా దాన్ని ముట్టుకోలే. ఇది మా బిడ్డ పని అని అందరికి సూపెట్టేటోడు."

"సీసం ముక్క ఏమాయె?" అని కూడా అడిగింది. వాళ్ల తలుపు చెక్క మీద గాడి గుండ్రంగా ఉండేదట. కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. లోపలి పక్క బరువుంటే మలుపులో ఎగిరిపోదు. అందుకే ఆ సీసం. నేను తెలియని మనిషి అనుకున్నవాడికి నాకంటే బాగా తెలుసు.

ఆమె నన్ను తిట్టలేదు. "మీరు మంచిగనే చేసిన్రు. కానీ ఇప్పుడిది మా నాయిన కారు కాదు," అంది. కారు నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ వారం నేను వేరే పని ముట్టలేదు. విప్పి తీసిన ముక్కలను పని ముగిసేదాకా పారేయని అలవాటు నాకుంది. కాబట్టి పాత పుల్లలు, సీసం ముక్క డబ్బాలో ఉన్నాయి. మోటారు చుట్ల లెక్క కాగితం మీద రాసి ఉంది. ఇవి మళ్లీ పెట్టవచ్చు. ముద్ద సంగతే తేలలేదు. అది తుడిచిన గుడ్డతో పాటు పోయింది.

మాణిక్ నా బాధ చూడలేక అన్నాడు. "గట్లాంటి ముద్ద ఇంకోటి పెట్టి ఇయ్యరాదు? ఎవలికి తెలుస్తది?"

నిజం చెప్పాలి కదా, ప్రయత్నించాను. పాత ఇత్తడి ముక్క మీద అచ్చం అట్లాంటి ముద్ద పెట్టాను. శనగగింజంత, నల్లగా, గుంటలతో. నా చెయ్యి దేన్నయినా చేయగలదు. మాణిక్ చూసి, "ఇదే కద!" అన్నాడు. అప్పుడు నాకు భయమేసింది. కమలమ్మ కూడా నమ్ముతుంది. దాన్ని వేలితో తడుముతూ తన చిన్నప్పటిదే అనుకుంటుంది. ఆమె నాయిన గుర్తు మీద నేను నా అబద్ధాన్ని అతికించినట్టవుతుంది. విఠల్ సార్ ఉంటే అడిగేదాన్ని. ఆయన లేడు. ఇది నేనే తేల్చుకోవాలి. ఆ ఇత్తడి ముక్కను వేడిచేసి ముద్దను కరిగించేశాను.

తర్వాత కారు మళ్లీ విప్పాను. వంకర పుల్లలు ఉన్నచోటే పెట్టాను. సీసం ఎడమపక్కకు చేరింది. మోటారును డెబ్బై ఒకటి, అరవై ఎనిమిది, డెబ్బై చుట్లతో చుట్టాను. కావాలని తప్పు లెక్క చుట్టడం నా చేతికి ఎంత కష్టమైందో చెప్పలేను. అడుగున నేను పెట్టిన సన్నటి అతుకును కరిగించి తీసేసి, ఆ చోటు ఒక్కటి ఖాళీగా వదిలేసి కమలమ్మకు ఫోను చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"టీచరమ్మా, నేను కరిగించింది మల్ల తేలేను. దొంగది పెట్టను. ఆ అతుకు ఒక్కటి మిగిలింది. నువ్వొచ్చి పెడతవా?"

"నాకిప్పుడు రాదక్కా," అంది.

"గప్పుడు మాత్రం వచ్చిందా?"

నవ్వు వినిపించింది. ఆదివారం వచ్చింది.

నా బల్ల ముందు కూర్చోబెట్టాను. పక్క అతుకులు కరగకుండా బంగాళాదుంప ముక్క గుచ్చాను. కడ్డీ ఆమె చేతికిచ్చాను.

"నా చెయ్యి పట్టుకో అక్కా."

పట్టుకోబోయాను. మళ్లీ వెనక్కి తీసుకున్నాను. "నేను పట్టుకుంటే నాదైతది. నువ్వే పెట్టు. కాలితే కాలనియ్."

ఆమె కడ్డీ ఆనించింది. టంకం తీగను తగిలించింది. అవసరమైన దానికంటే నాలుగింతలు కరిగింది. ఎత్తాల్సిన క్షణం దాటిపోయింది, నేను నోరు మూసుకున్నాను. ముద్ద గడ్డకట్టింది. ఒక పక్కకు జారి, కొమ్ములా ఒక మొన లేచి ఉంది. నా చెయ్యి దానంతటదే ఆకురాయి వైపు పోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

కారును గాడి బల్ల మీద పెట్టి మీట నొక్కింది. సమంగా చుట్టినప్పుడు సన్నగా ఈలవేసిన మోటారు, ఇప్పుడు గుర్రుమంటూ, మధ్యమధ్య తడబడుతూ కదిలింది. కమలమ్మ కళ్లు మూసుకుంది.

"గిదే సప్పుడు," అంది. "గిదే. వంటింట్ల నుంచి మా అమ్మ, ఆపుండ్రి ఇగ అని ఒర్లేది."

ఎన్ని చుట్లు తిప్పిందో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో నా చెయ్యి లెక్క మరిచిపోయింది ఆ ఒక్కరోజే. విఠల్ సార్ నాకు చెవి ఇచ్చాడు, కాళప్ప వేడిని చూపించాడు. నా చెయ్యి ఎక్కడ ఆగాలో నేర్పింది ఈమె, తిట్టాల్సిన చోట తిట్టకుండా. ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను.

సాయంత్రం ఆమెను బస్సు ఎక్కించడానికి డిపో దాకా వెళ్లాను. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుంటే తల బయటికి పెట్టి అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. మొదటిదానికన్న మంచిగ వచ్చిందా?"

"లేదు టీచరమ్మా. దానికన్న గలీజుగ వచ్చింది."

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది.